అల్లుడుగారి చేతులు

పెద్దమ్మకి శుభ్రమంటే ప్రాణం. ఆవిడ తోమిన గిన్నెలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని చెల్లెలు ఎగతాళి చేసేది. తాగే నీళ్ళు కాచి, వడకట్టి, మూత పెట్టి, మళ్ళీ ఎందుకైనా మంచిదని ఇంకోసారి కాచేది. గరిటె కింద పడితే అక్కడికక్కడే వేడినీళ్ళలో ముంచితే గానీ ఆవిడ మనసు కుదుటపడేది కాదు. అలాంటి మనిషి ఇంట్లో ఇలా జరిగిందంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మరు. ఆవిడే చాలా కాలం నమ్మలేదు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. పెద్దమ్మ కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, దర్జీ కొట్టు నుంచి వచ్చిన చొక్కాలకి బొత్తాలు కుట్టేది. మొగుడు పోయాక పిల్లని చంకనేసుకుని అక్క పంచన చేరిన చెల్లెలు బల్బుల ఫ్యాక్టరీలో పనికి వెళ్ళేది. ఆ పిల్లే బొంగరం. నాలుగేళ్ళది. ఒక్క చోట కాలు నిలవదు కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. పెద్దమ్మకి పిల్లల్లేరని ఎవరైనా జాలిపడబోతే, "ఎవరన్నారు లేరని? ఇదిగో, ఇల్లంతా పీకి పందిరేస్తోంది, కళ్ళు కనపడట్లేదా?" అని విరుచుకుపడేది.

బొంగరంతో చిక్కల్లా తిండి దగ్గరే. ఒకసారి వేడి జావకి నాలుక కాలింది. అప్పట్నుంచీ ఆవిరి కనిపిస్తే చాలు, పెదాలు బిగించేసేది. అందుకని పెద్దమ్మ జావని వెడల్పాటి పళ్ళెంలో పోసి కిటికీ గట్టు మీద ఆరబెట్టేది. అక్కడ గాలి బాగా ఆడుతుంది. కిటికీ కింద సందులో వీధి వాళ్ళంతా చెత్త పోసే కుప్ప ఉంది. పక్కింటి పసివాడికి విరేచనాలు పట్టుకున్నాయి, వాడి మురికి గుడ్డలన్నీ ఆ కుప్పలోకే వచ్చి పడుతున్నాయి. వాసన కొట్టినప్పుడల్లా పెద్దమ్మ ముక్కు మూసుకుని, ఆ ఇంటివాళ్ళని నాలుగు తిట్టి, మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకునేది. కుప్ప బయట ఉంది, తన ఇల్లు అద్దంలా ఉంది. ఆవిడ లెక్క అంతవరకే.

ఇక ఈగ సంగతి. జావ గట్టు మీద పెట్టీ పెట్టగానే ఎక్కణ్ణుంచో దిగేది.

"వచ్చారండీ అల్లుడుగారు! కబురూ కాకరకాయా లేకుండా సరిగ్గా భోజనాల వేళకే దిగుతారు," అంటూ పెద్దమ్మ చేతిలోని చొక్కాతో విసిరేది.

బొంగరం పడీ పడీ నవ్వేది. అల్లుడుగారు లేచి, ఒక చుట్టు చుట్టి, మళ్ళీ ఆ పళ్ళెం అంచు మీదే వాలేవారు. "పోన్లే పాపం, గోరంత లేరు, ఏపాటి తింటారు," అనేది పెద్దమ్మ. ఆవిడ మటుకు ఆవిడకి అది నిజమే. పళ్ళెంలో జావ తగ్గింది లేదు.

బొంగరానికి చేతులు కడుక్కోవడమంటే మహా చిరాకు. ఒకరోజు పళ్ళెం అంచు మీద ఈగ ముందు కాళ్ళు రెండూ కలిపి రుద్దుకుంటుంటే పెద్దమ్మకి ఉపాయం తట్టింది.

"చూడవే, అల్లుడుగారు ఎంత బుద్ధిమంతులో! చేతులు కడుక్కుంటే గానీ ముద్ద ముట్టరు. నువ్వూ ఉన్నావు, ఎందుకూ!"

పిల్ల గట్టు మీద గడ్డం ఆనించి, కళ్ళు ఇంతలేసి చేసుకుని చూసింది. ఆ రోజు నుంచీ తనంతట తనే పరిగెత్తుకెళ్ళి చేతులు తడుపుకుని వచ్చి, రెండూ కలిపి రుద్ది చూపించి, "అల్లుడుగారిలా కడుక్కున్నా, పెట్టు," అనేది. ఆ ముచ్చట పెద్దమ్మ చెప్పని గుమ్మం లేదు. చెల్లెలు పని నుంచి రాగానే ఆమెకీ ఈగలా చేతులు రుద్దుతూ వేషం వేసి మరీ చూపించింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

ముందు బొంగరానికి జ్వరం వచ్చింది. పెద్దమ్మ మామూలు జ్వరమేననుకుంది. తర్వాత విరేచనాలు, వాటిలో నెత్తురు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టిస్తే తాగింది తాగినట్టే కక్కేసింది. చెల్లెలు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి పిల్ల కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. బండి మాట్లాడుకుని ఇద్దరూ ఉన్నపళంగా ఆసుపత్రికి పరిగెత్తారు.

నర్సమ్మ పిల్ల చేతికి సూది గుచ్చి, సీసా వేలాడదీసి, అప్పుడు అడిగింది.

"బయటి తిండి ఏమైనా పెట్టారా?"

"అయ్యో, బయటిదా! నా చేత్తో చేసిందే పెడతాను. కాచిన నీళ్ళే. పళ్ళెం కూడా వేడినీళ్ళతో కడుగుతాను," అంది పెద్దమ్మ.

"వండాక మూత పెడతారా?"

"వేడిది తినదండీ ఇది," అంది చెల్లెలు. "అక్క కిటికీలో ఆరబెడుతుంది."

"ఈగలు వాలతాయా?"

"ఏదో ఒకటీ అరా," అంది పెద్దమ్మ. "వెంటనే తోలేస్తాను."

నర్సమ్మ కేకలేయలేదు. వేసినా బాగుండేది. "తోలితే ఈగ పోతుంది గానీ అది వదిలింది పోదమ్మా. చెత్త మీదా, మలం మీదా వాలిన కాళ్ళే కదా అవి. రోగం క్రిములు ఆ కాళ్ళకి అంటుకుని వస్తాయి. నమలడానికి దానికి పళ్ళుండవు, తిండి మీద కాస్త కక్కి, కరిగించి పీల్చుకుంటుంది. అలా కూడా దిగుతాయి. ఈ పిల్లకి దాని వల్లే వచ్చిందని ఒట్టేసి చెప్పలేను. కానీ మీ వీధి నుంచి ఇలాంటివాళ్ళు ఇంకా వచ్చారు."

"ఈగ చేతులు కడుక్కుంటుంది కదా," అనేసింది పెద్దమ్మ.

నర్సమ్మ అర్థం కానట్టు చూసింది. "కడుక్కోవడమేంటి? ఒంటికి అంటింది దులుపుకుంటుందమ్మా. ఎక్కడ వాలితే అక్కడ."

చెల్లెలు తల పక్కకి తిప్పుకుంది. పెద్దమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడింది.

కాసేపటికి బొంగరం కళ్ళు తెరిచింది. పెద్దమ్మని వెతుక్కుంది. సూది ఉన్న చేతిని మెల్లగా రెండో చేతి మీదికి తెచ్చి, ఒకసారి రుద్దింది. ఇంకోసారి రుద్దడానికి ఓపిక చాలలేదు.

"అల్లుడుగారిలా కడుక్కున్నా," అంది. "పెట్టు పెద్దమ్మా."

"పెడతాను బంగారూ, పెడతాను," అంది పెద్దమ్మ. పెట్టడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. తెల్లారాక పిల్లకి ఫిట్స్ వచ్చాయి. మధ్యాహ్నానికి ఆ చేతులు చల్లబడిపోయాయి.

ఆ తర్వాత పెద్దమ్మ పార తీసుకుని సందులోకి దిగింది. ఎవరూ అడగకుండానే ఆ కుప్పనంతా ఒక్కర్తే గోతిలో పూడ్చింది. కిటికీకి వల కొట్టింది. పక్కింటి పసివాడు కోలుకున్నాడు. వాడి ఏడుపు వినబడినప్పుడల్లా ఇద్దరూ ఉలిక్కిపడి తలెత్తేవాళ్ళు. చెల్లెలు ఒక్క మాటా అనలేదు. అసలు మాట్లాడటమే మానేసింది. ఉన్న ఒక్క మనిషీ ఏదో ఒక పొద్దున తన బట్టలు సర్దుకుని వెళ్ళిపోతుందని పెద్దమ్మ భయం. వెళ్ళిపోతే ఆపే హక్కు తనకి లేదని కూడా ఆవిడకి తెలుసు.

ఒక రోజు జావ కాచి, మూత పెట్టి, చెల్లెలి ముందు ఉంచింది. మూత తీస్తే పొగలు కక్కుతోంది. చల్లార్చమని మారాం చేసేవాళ్ళు ఎవరూ లేరు.

"నాలుగు చెంచాలు తాగవే. నా మీద కోపం తిండి మీద చూపించకు. నన్ను తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి."

చెల్లెలు పళ్ళెం తన వైపు లాక్కుంది. "నిన్నెలా తిట్టేది? నేనూ నవ్వాను కదక్కా ఆ రోజు," అంది.

 పెద్దమ్మ చెంబు తెచ్చి చెల్లెలి చేతుల మీద నీళ్ళు పోసింది. చెల్లెలు రెండు చేతులూ కలిపి రుద్దుకోబోయి, సగంలో ఆగిపోయింది. తలెత్తి అక్కని చూసింది. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. చెల్లెలు చేతులు వెనక్కి తీసుకోలేదు, రుద్దుకోనూ లేదు. చెంబులో నీళ్ళు అయిపోయేదాకా పెద్దమ్మ పోస్తూనే ఉంది.