పొగగొట్టం పక్కన సముద్రం

హత్య చేసినవాడికి శవం ఎక్కడ పూడ్చాడో తెలిసినట్టే, ఆ రెండు ఫోటోల్లో ఏం మాయమైందో రబ్బరుకి తెలుసు. మాయం చేసింది తనే మరి.

రబ్బరు అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. ప్రకటనల కంపెనీలో అతని పని ఫోటోల్లో అక్కర్లేనివి చెరిపెయ్యడం. కొత్త అపార్ట్‌మెంటు ముందున్న మురుగుకాలవ గానీ, పెద్దమనిషి ఉపన్యాసమిస్తుంటే వెనకాల ఆవలిస్తున్న మనిషి గానీ, అతని చేతిలో పడితే అసలు పుట్టనట్టే. ఇంట్లో మాత్రం ఈ విద్యకి చిల్లిగవ్వ విలువ లేదు. పగలంతా కుర్చీలో కూర్చుని బొమ్మలు చూసేవాడికి జీతం ఎందుకిస్తారో అత్తగారికి అంతుపట్టదు. ఎవరైనా అడిగితే "అల్లుడు కంప్యూటర్ దగ్గర ఉంటాడు" అంటుంది, దానికి కాపలా కాస్తున్నాడన్నట్టు.

అలాంటి అత్తగారు ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద రిసార్టుల ప్రకటనల రంగుల పుస్తకాలు రెండు పరిచి, కళ్ళజోడు సవరించుకుని, "ఎవడో గానీ ఏం తీశాడే మహానుభావుడు," అంది.

రబ్బరు తాగబోతున్న మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశాడు.

అతని భార్య పెద్దాసుపత్రిలో నర్సు, అదీ ఎమర్జెన్సీ వార్డులో. చలికాలం సెలవులు ఏటా ఎవరో ఒకరు తన్నుకుపోయేవాళ్ళు. ఒకరికి చంటిపిల్ల, ఇంకొకరికి ఆడపడుచు పెళ్ళి. ఈసారి ఆమె పట్టుబట్టి ఒక వారం సంపాదించింది. సముద్రం ఒడ్డున రిసార్టుకి వెళ్ళి తీరాలంది. ట్రావెల్స్ అతను చేతిలో పెట్టిన పుస్తకాలే ఇవి. ఒకటి 'వెండి అల', రెండోది 'ముత్యాల రేవు'.

వెండి అల ఫోటోలో కనుచూపు మేర ఇసుక, ఖాళీగా ఒక్క కుర్చీ. ముత్యాల రేవు ఫోటోలో కడిగిన పళ్ళెంలాంటి ఆకాశం, గొడుగుల కింద విరగబడి నవ్వుతున్న జనం. కూతురికి కుర్చీ నచ్చింది, తల్లికి జనం నచ్చారు. ఆ ఎడారిలో ఎవరితో మాట్లాడాలి, పీతలతోనా అని తల్లి. ఆ గుంపులోకి పోయేకన్నా వార్డులో డ్యూటీ చేసుకోవడం నయమని కూతురు.

"వారం రోజులు నన్నెవరూ సిస్టర్ అని పిలవకూడదమ్మా. అంతే నాక్కావలసింది," అని ఆమె వెండి అల ఖాయం చెయ్యమని ట్రావెల్స్ అతనికి చెప్పడానికి ఫోన్ తీసింది.

కొండల మీదికి వెళ్తే ఎలా ఉంటుందని రబ్బరు సన్నగా అడిగి చూశాడు. తల్లీకూతుళ్ళు పోట్లాట ఆపి, ఒక్కటై అతని మీద పడ్డారు. సముద్రం గురించి మాట్లాడుతుంటే మధ్యలో కొండలెందుకొచ్చాయన్నారు. అత్తగారు మెచ్చుకున్న పనితనం తనదేనని చెప్పుకునే అవకాశం మళ్ళీ రాదు. చెబితే దాని వెంటే మిగతాదీ చెప్పాలి. చెప్పకపోతే భార్య సెలవు గంగలో కలుస్తుంది.

"ఏమేవ్, ఫోన్ కింద పెట్టు," అన్నాడు. "ఆ ఫోటోలో కుర్చీ ఒక్కటే నిజం. చుట్టూ జనం ఉన్నారు. నేనే తీసేశాను."

"ఎంతమంది?" అంది భార్య.

"సినిమా హాలు వదిలినంత."

ఆమె ఫోన్ కింద పెట్టింది. అత్తగారే ముందు తేరుకుంది. "మరి వాళ్ళంతా ఏమయ్యారు?"

రబ్బరు రెండో పుస్తకం మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడున్నారు."

"ఈ గొడుగు కింద నవ్వుతున్నావిడ?"

"ఆవిడా అక్కణ్ణుంచి తెచ్చిందే, అత్తయ్యగారూ. ముత్యాల రేవుకి ఎవరూ వెళ్ళరు. పక్కనే సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం. అదీ నేనే తీసేశాను."

అత్తగారు అల్లుణ్ణి ఎగాదిగా చూసింది. ఆ చూపులో అసహ్యం ఎంతో, గౌరవం ఎంతో తేల్చడం కష్టం. "ఇంత దొంగపని చేతనవునని ఇన్నాళ్ళూ చెప్పరేం, అల్లుడు గారూ?" అంది.

రబ్బరు భార్య వైపు తిరగడానికి జంకాడు. ఆవిడ కోపం వస్తే అరవదు. ఇంజెక్షన్ ఇచ్చే ముందు మాట్లాడినట్టు మెత్తగా మాట్లాడుతుంది. ఇప్పుడూ అలాగే, ఆ పొగ ఒడ్డు మీదికి వస్తుందా అని అడిగింది. రాదన్నాడు. ఫోటోలో పొగంతా ఊరి వైపు వంగి ఉంది, దాన్ని చెరిపేసరికే తన తల ప్రాణం తోకకొచ్చింది.

"మనుషులు?"

"వంటవాడు, ఒక వెయిటరు. వాళ్ళనీ తీసేసేవాణ్ణే, ఫోటోలో పడలేదు."

ఆమె ఫోన్ చేసి ముత్యాల రేవు ఖాయం చేసింది. "పొగగొట్టం నన్ను సిస్టర్ అని పిలవదు కదండీ," అంది.

అత్తగారు ససేమిరా రానంది. పొగగొట్టం చూడాలంటే ఊళ్ళో లేవా? అల్లుడు చెరిపేసిన జనంలోకే పోతానని భీష్మించుకుంది. ఒంటరిగా ఎలా పోతావని కూతురు అడ్డుపడితే, అంత జనంలో ఒంటరితనం ఎక్కడుంటుందని ఎదురడిగి, వెండి అలలో గది తీసుకుంది. వెళ్ళిన సాయంత్రానికే పేకాట జట్టు కుదుర్చుకుంది. మర్నాటికి అందులో ఒకావిడతో మాటలు మానేసింది. ఫోన్లో ఆ గొంతు వింటే పదేళ్ళు చిన్నదైనట్టుంది.

ముత్యాల రేవులో పొగగొట్టం రబ్బరు చెరిపినదానికన్నా లావుగా కనిపించింది. ఎవరైనా వారం పూర్తిగా ఉంటారంటే నమ్మలేక, వెయిటరు వీళ్ళ తేదీలు మళ్ళీ మళ్ళీ అడిగాడు. నర్సు మాత్రం ఒక కుర్చీ చూసుకుని, చెప్పులు విడిచి, వెనక్కి వాలింది.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ సైరన్ మోగింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. రబ్బరు చేతిలో కాఫీ ఒలికి చొక్కా మీద పడింది. ఫోటోలో చప్పుడు కనబడదు, కాబట్టి చెరపలేదు, చెప్పనూ లేదు. ఇంట్లో కుక్కర్ కూతపెడితే ఉలిక్కిపడి లేచే మనిషి ఆమె. ఇక అయిపోయాననుకుని, మునివేళ్ళ మీద నడిచి ఒడ్డుకి వెళ్ళాడు.

ఆమె నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఒక చెయ్యి కుర్చీలోంచి జారి ఇసుకని తాకుతోంది. భోజనం సిద్ధమని చెప్పడానికి వెయిటరు పరుగున వస్తుంటే, రబ్బరు రెండు చేతులూ అడ్డంగా చాచి వెనక్కి తోలాడు.

సైరన్ ఆగింది. గురక ఆగలేదు.