గాటు పెట్టని రొట్టె

అయినా మజ్జిగ ఇంత పుల్లగా ఉంటే ఏం, పుల్లగా ఉంటేనే రొట్టెలో తినే సోడా పొంగుతుందని నా కన్సెప్టాయే అనేది, నిన్న డింప్నా తెచ్చిన కూజా ఇది, మూత తీస్తే ముక్కుపుటాలు అదిరిపోతున్నాయి, కూజా ఇలా బల్ల మీద పెట్టిందో లేదో అలా మొదలుపెట్టింది డింప్నా, బావా, రేపు కూడా నీ రొట్టె నా కోళ్ళకే పోయిందంటే ఇక నేనాగను, ఊళ్ళో కొట్టుకెళ్ళి ప్లాస్టిక్ సంచీలో ముక్కలు కోసి పెట్టిన రొట్టె కొనుక్కొచ్చేస్తాను, చర్చిలో మా అక్క ఏడాది పూజయ్యాక ఊరంతా ఈ ఇంటికే టీకి వస్తారు, మా అక్క బల్ల మీద కొట్టు రొట్టె చూస్తే ఏమంటారో నువ్వే ఆలోచించుకో, అంది, ఆలోచించేదేముంది, మీ అక్క మీదున్న మట్టి తోసుకుని లేచొస్తుంది, వస్తే మంచిదే, రావే కన్సెప్టా, వచ్చి నీ చెల్లెలికి నువ్వే సమాధానం చెప్పుకో, నాకైతే పిండి డబ్బా మూతే ఊడి రావడం లేదు, ఇన్నేళ్ళూ ఈ మూత ఆవిడ ఒక్క చేత్తో తీసేది, రెండో చేత్తో నన్ను పక్కకి తోస్తూ, అడ్డం లే మాలకీ, నీ బూట్లకున్న పేడంతా నా వంటింట్లోనే రాలాలా అంటూ.

చేతులు కడుక్కున్నాను, కడుక్కున్నావా అని అడగకముందే కడుక్కున్నాను, గోళ్ళ కింద కూడా, ఆవుల దగ్గర్నుంచి వచ్చి ఇంకా గంట కాలేదు, బయట వాన సన్నగా పడుతూనే ఉంది, మా లీట్రిమ్‌లో ఫిబ్రవరి అంటే అంతే, పైన నీళ్ళు కింద నీళ్ళు మధ్యలో మనం, పొయ్యిలో టర్ఫ్ ఇటుకలు, బురదనేల నుంచి కోసి ఎండబెట్టినవి, బాగా అంటుకున్నాయి, ఓవెన్ తలుపు దగ్గర చెయ్యి పెడితే చురుక్కుమంటోంది, ఆ మాత్రం వేడి ఉండాలి, పిడి విరిగిన కప్పుతో పిండి కొలిచి గిన్నెలో పోశాను, సోడా అరచేతిలో వేసుకుని చెంచా వీపుతో నలిపాను, ఒక్క ఉండ కూడా లేదు, ఉండ ఉంటే రొట్టెలో పచ్చటి మచ్చ, నోట్లో సబ్బు రుచి, ఉప్పు వేశాను, వేళ్ళు పిండిలోకి దించాను, ఇక వస్తుంది ఆవిడ గొంతు, ఎడమ భుజం వెనక నుంచి, పింగాణీ పళ్ళేల అర ఉన్న వైపు నుంచి, ఎప్పుడూ అక్కడి నుంచే వస్తుంది, చేతులకి పిండి అంటి ఉన్నప్పుడే వస్తుంది, వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే పళ్ళేలు తప్ప ఏమీ ఉండవని నాకు తెలుసు.

మొదటిసారి విన్నది ఆవిడను పూడ్చిన వారానికి, చుట్టుపక్కల వాళ్ళు తెచ్చిపెట్టిన తిండంతా అయిపోయింది, ఇంట్లో మిగిలింది నేనూ పిండి డబ్బా, ఆకలికి కాదు, ఏదో ఒకటి చేద్దామని గిన్నె తీశాను, సోడా డబ్బాలోంచి తిన్నగా గుప్పెడు పోశాను, అప్పుడు వినిపించింది, నా మెడ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, ఏమయ్యోయ్, ఆ సోడా నలిపేదేమైనా ఉందా, లేక ఆవులకి మందు కలుపుతున్నావా, అచ్చం అదే గొంతు, కొంచెం జలుబు చేసినట్టుండే గొంతు, గిన్నె వదిలేసి బయటికి పోయి కొట్టంలో ఆవు పొట్టకి ఆనుకుని నిలబడ్డాను, నవ్వు కూడా వచ్చింది, చచ్చిపోయి కూడా తిడుతోంది చూడు అనుకున్నాను, కాసేపటికి ఏడుపొచ్చింది, ఆవు మాత్రం మేత మేస్తూనే ఉంది.

ఫాదరేమో నీ భార్య విశ్రాంతిలో ఉంది మాలకీ అంటాడు, ఆయనకేం తెలుసు, నలభై ఏళ్ళు ఆవిడ కుర్చీలో వీపు ఆనించి కూర్చోవడం నేను చూడలేదు, టీ కూడా నిలబడే తాగేది, విశ్రాంతట, సమాధి దగ్గరికి ప్రతి ఆదివారం పోతున్నాను, టోపీ తీసి నిలబడతాను, కాకులు, తడి గడ్డి, రాతి మీద ఆవిడ పేరు, అంతే, ఒక్క మాట రాదు, పడకగదిలోనూ రాదు, ఆవిడ వైపు దిండు ఇంకా అలాగే ఉంచాను, రాత్రంతా చెవి అటే పెట్టి పడుకుంటాను, రాదు, ఈ వంటింట్లోనే, ఈ గిన్నె దగ్గరే, డింప్నాకి చెప్పలేదు, చెబితే కంగారు పడుతుంది, డాక్టరు దగ్గరికి బయల్దేరదీస్తుంది, నాకు రోగం లేదు, నా పెళ్ళాం నన్ను తిడుతోంది, అంతే కదా.

కానీ తిట్లు తగ్గిపోతున్నాయి, అదే నా భయం, దాని గురించి పొలంలో ఆలోచించను, ఇక్కడ గిన్నె ముందు నిలబడితే తప్పించుకోలేను, సోడా నలపడం నేర్చుకున్నాను, ఆ రోజు నుంచి నలపమనే మాట ఎత్తడం మానేసింది, తర్వాత పిండిని పిసికేవాణ్ణి, అది పిండయ్యా, దూడ కాదు, అలా కుమ్మితే రాయి అవుతుంది, పసిబిడ్డ వీపు తట్టినట్టు తట్టు చాలు అనేది, ఎన్ని రొట్టెలు రాళ్ళయ్యాయో డింప్నా కోళ్ళకి తెలుసు, ఒక రోజు తట్టడం చేతికొచ్చేసింది, చేతికి రాకుండా ఉంటే బాగుండేది, ఆ మాట మళ్ళీ వినిపించలేదు, మజ్జిగ ఒక్కసారే పొయ్యి అనే మాట పోయింది, పోశాక ఆలస్యం చెయ్యకు, సోడా నీ కోసం కాచుక్కూర్చోదు అనే మాట పోయింది, నేను ఒకటి నేర్చుకుంటే ఆవిడ మాట ఒకటి మాసిపోతోంది, బతికున్నప్పుడు ఎన్నిసార్లు అన్నాను, ఇక ఆపవే తల్లీ, చెవులు చిల్లులు పడుతున్నాయి అని, ఇప్పుడు ఇన్ని మాటల్లోంచి ఒక్కటంటే ఒక్కటి మిగిలింది, గాటు, ఓవెన్‌లో పెట్టే ముందు రొట్టె మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి సిలువ ఆకారంలో లోతుగా గాటు పెట్టాలి, అది నేను మర్చిపోతాను, ప్రతిసారీ మర్చిపోతాను, గాటు లేక రొట్టె పక్కన ఎక్కడో పగులుతుంది, మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది, ఓవెన్ తలుపు వేశాక వెనక నుంచి అంటుంది, గాటేదయ్యా, గాటు లేకపోతే లోపల వాళ్ళు చిక్కుకుపోరూ, పోనీయవయ్యా వాళ్ళని.

లోపల వాళ్ళంటే గుట్టల్లో ఉండే వాళ్ళు, మనుషులు కాని వాళ్ళు, పేరు పెట్టి పిలవకూడని వాళ్ళు, వాళ్ళు రొట్టెలో దూరతారని, గాటులోంచి పంపెయ్యకపోతే ఇంటికి మంచిది కాదని వాళ్ళమ్మ చెప్పిందట, ఆవిడకి వాళ్ళమ్మ చెప్పిందట, నేను నవ్వేవాణ్ణి, వేడి బయటికి రావడానికే పెడతారే గాటు, అంతకు మించి ఏమీ లేదు అనేవాణ్ణి, పెద్ద చదువుకున్నావు మరి, గడ్డి ఎప్పుడు కొయ్యాలో పక్కింటాయన చెబితే గానీ తెలీదు అనేది, పోవాల్సిన వాళ్ళని పోనివ్వాలని వాళ్ళింట్లో అందరికీ ఒకటే పిచ్చి, ఆవిడ ప్రాణం పోగానే డింప్నా చేసిన మొదటి పని గది కిటికీ తెరవడం, ఎవరూ అడ్డం నిలబడొద్దు, అక్క వెళ్ళాలి అంది, ఏడుస్తూనే తెరిచింది, చలిగాలి లోపలికి కొట్టింది, దుప్పటి కింద నుంచి కన్సెప్టా పాదాలు బయటికి కనబడుతున్నాయి, ఎప్పుడూ చల్లబడే పాదాలు, రాత్రిళ్ళు నా కాళ్ళ మధ్య దూర్చి వెచ్చచేసుకునేది, నేను లేచి కిటికీ మూసేశాను, అప్పుడే మూశావేంటి బావా అంది డింప్నా, పాదాలకి చలేస్తుంది అన్నాను, ఇద్దరం ఆ పాదాల వైపు చూశాం.

పిండి మధ్యలో గుంట చేసి మజ్జిగ పోశాను, ఒక్కసారే, వేళ్ళు పక్షి గోళ్ళలా చాపి గుండ్రంగా తిప్పాను, పిండి నురగలు కక్కుతూ దగ్గరపడింది, ఇక ఆగకూడదు, చెక్క పలక మీద పిండి చల్లి ముద్ద దాని మీద వేశాను, తట్టాను, తిరగేసి తట్టాను, గుండ్రంగా, మెత్తగా వచ్చింది, ఇంత బాగా ఎప్పుడూ రాలేదు, వెనక ఏ చప్పుడూ లేదు, తప్పు లేనిదే ఆవిడ ఎందుకు మాట్లాడుతుంది, కత్తి ఇక్కడే ఉంది, నా చేతి పక్కనే, పిండిలో ముంచి మరీ పెట్టుకున్నాను, కత్తి ఇక్కడ పెట్టుకున్నవాణ్ణి ఎలా మర్చిపోతాను, పోయిన వారమూ ఇక్కడే పెట్టుకున్నాను, అంతకు ముందు వారమూ, మాలకీ, ఎవరికి చెబుతున్నావు ఈ కబుర్లు, నువ్వు మర్చిపోలేదు, ఒక్కసారి కూడా మర్చిపోలేదు, ఆ ఒక్క మాట కోసం రొట్టె తర్వాత రొట్టె చేతులారా పాడుచేస్తున్నావు, గాటు పెట్టకుండా ఇప్పుడే ఓవెన్‌లోకి తోసేస్తే ఆవిడ మాట్లాడుతుంది, వచ్చే వారం కూడా మాట్లాడుతుంది, నేను పోయే దాకా మాట్లాడుతుంది, కానీ ఆవిడ పేర పూజయ్యాక ఆవిడ బల్ల మీద ప్లాస్టిక్ సంచీ ఉంటుంది, ఊరందరి ముందు, ఊళ్ళో ఎవరు చచ్చినా రొట్టె పట్టుకుని అందరికంటే ముందు ఆ గుమ్మంలో నిలబడిన మనిషి బల్ల మీద, సోడా కాచుక్కూర్చోదు, తెలుసు, తెలుసు, ఒక్క నిమిషం ఆగవే, ఒక్కసారి అను, కత్తి తియ్యకముందే అనేసెయ్, గాటేదయ్యా అను చాలు, చెవి వెనక్కి పెట్టి నిలబడ్డాను, పళ్ళేల అర వైపు నుంచి ఏమీ రాలేదు, ఆవిడ కూడా చూస్తోందేమో, వీడేం చేస్తాడా అని, ఎప్పుడూ అంతే, నన్ను నమ్మి ఏదైనా పని అప్పగించినప్పుడే నోరు మూసుకునేది, కత్తి తీసుకున్నాను, ఈ అంచు నుంచి ఆ అంచుకి, లోతుగా, మళ్ళీ అడ్డంగా, నాలుగు ముక్కల మీదా కత్తి మొనతో చిన్నగా పొడిచాను, పో, పోవాలనుంటే పో, గాటు తిన్నగానే పడింది.

ఓవెన్ తలుపు వేశాక వంటింట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు, వాన చప్పుడుంది, టర్ఫ్ కూలిన చప్పుడుంది, గోడ గడియారముంది, ఆవిడ లేదు, నాలుగు రకాలుగా ప్రయత్నించాను, చేతులు మళ్ళీ పిండి డబ్బాలో పెట్టాను, కావాలని నేల మీద పిండి ఒలకబోశాను, తడి బూట్లతో దాన్ని తొక్కాను, చూడు నీ వంటింట్లో ఏం చేశానో, తిట్టు, అన్నాను పైకే, నా గొంతు గోడలకి తగిలి నాకే వచ్చింది, చివరికి వెనక్కి తిరిగి చూశాను, పళ్ళేలు, నీలి అంచు పళ్ళేలు, వాటిలో ఒకటి బీటవారింది, ఇంతకాలం గమనించనేలేదు, కుర్చీలో కూలబడ్డాను, ఈ ఏడాదిలో ఆవిడ నిజంగా చచ్చిపోయింది ఇప్పుడే అనిపించింది, అది కూడా నా చేత్తోనే, వాసన మొదలైంది, ఇల్లంతా ఆవిడ వాసన, మనిషి లేకుండా వాసన ఒక్కటే, దానికంటే భయంకరమైనది ఇంకొకటి ఉండదు.

బావా, ఇంకా ఆ చొక్కాతోనే ఉన్నావా, అందరూ చర్చికి బయల్దేరారు, అంటూ డింప్నా నల్ల కోటులో తడుస్తూ వచ్చింది, వచ్చి ఆగిపోయింది, ముక్కెగరేసింది, నేను రొట్టె బయటికి తీసి తిరగేసి అడుగున వేలితో కొట్టాను, డొల్లగా మోగింది, లోపల ఖాళీ గదిలా, సరిగ్గా కాలిన రొట్టె అలాగే మోగాలి, డింప్నా కూడా కొట్టి చూసింది, మళ్ళీ కొట్టింది, గాటు పువ్వులా విచ్చుకుంది, బావా, అంది, ఈసారి నా కోళ్ళు పస్తే, అక్కది లాగానే ఉంది, అచ్చం అక్కది, కళ్ళు తుడుచుకుంటూనే కత్తి అందుకుంది, ఒక్క ముక్క, చిన్న ముక్క రుచి చూస్తానుండు అని రొట్టె మీద పెట్టబోయింది, వేడి మీద కోస్తావేంటే, బుద్ధుందా, లోపలంతా ముద్దయిపోదూ, ముందు గుడ్డలో చుట్టు, ఎన్నిసార్లు చెప్పాలే నీకు, సరేలే అక్కా, కొట్టకు, అని కత్తి కింద పెట్టేసింది డింప్నా, పెట్టేశాక తలెత్తి నా వైపు చూసింది, డింప్నా మొహంలో రంగు లేదు, నేను ఈ మనిషిని జీవితంలో ఒక్కసారి కూడా ఏంటే అనలేదు, ఆ మాట నేను ఏడాదిగా విననే లేదు, గుడ్డలో చుట్టే దాకా నా రొట్టె ఏదీ రాలేదు కదా, ఎవరు చెప్పారు నాకు, ఎవరు అన్నారు ఇప్పుడు, భుజం వెనక నుంచి కాదు, పళ్ళేల వైపు నుంచి కాదు, నా నాలుక ఇంకా కదులుతున్నట్టే ఉంది, గొంతులో కొంచెం జలుబు చేసినట్టుగా ఉంది, డింప్నా గుడ్డ తెచ్చి రొట్టెను మెల్లగా చుట్టింది, గాటులోంచి ఆవిరి వస్తూనే ఉంది, కన్సెప్టా వెళ్ళింది, వెళ్ళడానికి మరో ఇల్లు దొరక్క నాలోకే వచ్చింది.