బరువు చూసి ఇచ్చే మొక్కలు

నాచారంలో మల్లాపూర్ వెళ్లే రోడ్డు పక్కన సంతోషి నడిపే నర్సరీ ఉంది. పొద్దున్నే పైపుతో మొక్కలు తడిపి, చాయ్ తాగి, స్టూలు మీద కూర్చుంటుంది. వచ్చినవాళ్లు పువ్వు చూస్తారు. ఆమె మాత్రం కుండీ తీసి వాళ్ల చేతుల్లో పెడుతుంది. ఆ ఇంట్లో బతికే మొక్కయితే కుండీ దూదిలా తేలుతుంది. బతకనిదైతే రుబ్బురోలంత బరువెక్కుతుంది. ఇందులో వింతేముంది, బెండకాయ కొన విరిచి చూసి కొనమూ? ఆ చుట్టుపక్కల అందరూ అలాగే బరువు చూసి పట్టుకుపోతారు.

మార్చి నెలాఖరున జనార్ధనరావు, ఆయన భార్య ఉమ వచ్చారు. ఆయన రైల్వేలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. గోదావరి నీళ్లు తాగి పెరిగిన మనిషి, గులాబీ తప్ప ఇంకేదీ ఆయన కంటికి ఆనదు. వాళ్ల బోరు ఫిబ్రవరికే చేతులెత్తేసింది. గులాబీలు వరసగా మూడో ఏడూ ఎండిపోయాయి. విసుగెత్తి, వాకిలంతా టైల్స్ పరిపించేద్దామని మేస్త్రీని మాట్లాడేశాడు. లేవగానే మట్టి ముట్టుకోకపోతే ఉమకు తెల్లవారినట్టే ఉండదు.

"మేస్త్రీ వచ్చేది పదిహేను రోజులకు కదండీ. ఈలోపు ఒక్క మొక్క నిలబడినా టైల్స్ వద్దు," అని ఒప్పించి మరీ తీసుకొచ్చింది.

జనార్ధనరావు నేరుగా వెళ్లి గులాబీ ఎత్తాడు. నడుం పట్టేసింది.

"నీళ్లు నేను పోస్తానమ్మా!" అన్నాడు రొప్పుతూ.

"మీరు పోస్తరు సారు. మీ బోరు పొయ్యాలె గద," అంది సంతోషి. "జర గిటు రాన్రి. ఎండల పుట్టి ఎండల పెరిగినయి ఉన్నయి."

కాగితప్పూలు, ఎడారి గులాబీ, తంగేడు ఒక్కొక్కటే ఉమ చేతుల్లో పెట్టింది. మూడూ మరమరాల పొట్లాల్లా ఉన్నాయి.

"వారానికి ఒక్కసారే నీళ్లు. మర్శిపోయినా ఫికర్ లేదమ్మా."

మర్చిపోవడం ఉమకు చేతకాదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు రోజూ వాటికే. నాలుగో రోజుకి ఆకులు పండిపోయాయి. జరపబోతే కుండీలు కదల్లేదు. ఏడుపు గొంతుతో సంతోషికి ఫోన్ చేసింది.

"ఏందమ్మా, కడుపు నిండినోళ్లకు అన్నం కుక్కినట్టు జేస్తిరి గదా! ఇగ చేతులు కట్టుకొని కూసోన్రి."

ప్రేమ ఉన్న మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష ఉండదు. పదకొండు రోజులు ఉమ చెంబు ముట్టకుండా కుండీల ఎదురుగా కూర్చుంది. ఆకులన్నీ రాలి మోళ్లు మిగిలాయి. తాను ఓడిపోయినట్టే అనుకుంది.

అన్న రోజుకే మేస్త్రీ కొమురెల్లి ఇద్దరు కూలీలతో దిగాడు.

"సారు, గా కుండీలు జరుపున్రి. సిమెంటు కలుపుతం."

జనార్ధనరావు వంగి ఎడారి గులాబీ కుండీ పట్టుకున్నాడు. కుండీ లేచింది. దాన్ని పట్టుకున్న ఆయనా లేచాడు, చెప్పులు నేల మీదే వదిలేసి, మూరెడు ఎత్తుకి.

"జర పైలం సారు, మీద కరెంటు తీగలున్నయి," అన్నాడు కొమురెల్లి.

మోడు అనుకున్నదాని కొసన బియ్యపు గింజంత చిగురు ఆయన ముక్కుకు తగిలింది. కింద ఉమ రెండు చేతులూ జోడించి, మొక్కకో మొగుడికో తెలియకుండా దండం పెడుతోంది. ఈ కాస్త మట్టి ఆవిడకు ఏమిటో ఆయనకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ తెలియనందుకు సిగ్గేసింది. ఇప్పటికైనా తెలిపినందుకు ఆ మొక్కకు మనసులోనే మొక్కుకున్నాడు.

"కొమురెల్లీ, సిమెంటు కలపకు. గునపం ఉందా?"

"ఉన్నది సారు."

"అయితే అమ్మగారు చూపించిన చోటల్లా గుంతలు తవ్వండి. ఉమా, దీన్ని ఎక్కడ దించమంటావు?"

ఉమ గేటు పక్కన, ఎండ బాగా పడే చోటు వేలితో చూపించింది. ఆయన మెల్లగా అక్కడ దిగాడు.