నాలుగు రోజుల్లో పొట్టిదైన పిల్ల

నేను బతికి బట్టకట్టానంటే అదంతా మా మెట్ల కింది టైలరు మామయ్య చలవే. ఈ మాట నేనెక్కడ ఎత్తినా మా అక్క మధ్యలో దూరి, “నేను పొట్టిదాన్నయ్యాను కాబట్టి సరిపోయింది” అంటుంది. అక్క నాకంటే నాలుగంగుళాలు పొడుగు. అయినా దాని మాటలో నిజం లేకపోలేదు కాబట్టి మొదట్నుంచీ చెప్తాను.

నేను పుట్టేనాటికి ఇంటికి ఇద్దరు పిల్లలు మించకూడదని చట్టం. మా ఇంట్లో అప్పటికే అన్న, అక్క ఉన్నారు. మూడో బిడ్డ పుడితే తండ్రి ఉద్యోగం పోతుంది. నాన్న ఊరి నీళ్ళ పంపుల దగ్గర పనిచేసేవాడు, అది తప్ప మాకు వేరే ఆధారం లేదు. కడుపు బయటపడకముందే అమ్మ వాళ్ళ పిన్ని ఇంటికి వెళ్ళిపోయి, నన్ను కని, పాత దుప్పట్లో చుట్టి మొదటి బస్సుకి తిరిగొచ్చింది. మెట్ల దగ్గరే గండం ఎదురైంది. కింద టైలరు అప్పుడే షాపు తలుపు తీస్తున్నాడు. ఆయన దుప్పటి మూట వైపు చూశాడు. మూట ఏడ్చింది.

“పైకెళ్ళు చెల్లెమ్మా, ఎండ తగుల్తుంది” అన్నాడట.

అప్పటికింకా ఎండే రాలేదు. ఆ రోజు నుంచి ఆయన అమ్మకి అన్నయ్య, మాకు మామయ్య.

ఏడాదికి రెండుసార్లు లెక్కలావిడ వచ్చేది. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని లెక్కపెట్టడం ఆవిడ ఉద్యోగం. కంచాలు చూసేది, చెప్పులు చూసేది. అన్నిటికంటే ముందు దండెం మీద ఆరేసిన బట్టలు చూసేది. మనుషులు అబద్ధమాడినా బట్టలు ఆడవని ఆవిడ నమ్మకం. ఆవిడ చెప్పుల చప్పుడు వీధి మలుపులో వినబడగానే నేను వెనక మెట్ల మీదుగా దిగి, షాపులో కటింగ్ బల్ల కింద గుడ్డముక్కల్లో కూర్చునేదాన్ని. ఆవిడ తన పని తాను చేసింది, నిజమే. కానీ ఆ బల్ల కింద ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నది నేను కాబట్టి, ఆవిణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దండెం సంగతి మాత్రం అమ్మకి కంటిమీద కునుకు లేకుండా చేసింది. అక్క గౌను పక్కన మూడంగుళాలు పొట్టి గౌను వేలాడితే ఇంకేముంది, కొంప మునుగుతుంది. దానికి ఉపాయం మామయ్యే కనిపెట్టాడు. అక్కకీ నాకూ ఒకే గుడ్డతో, ఒకే పొడుగుతో గౌన్లు కుట్టేవాడు. నా గౌను అంచుని మాత్రం నా ఒంటికి సరిపోయేలా లోపలికి మడిచి, కచ్చాకుట్టు వేసేవాడు. ఉతికినప్పుడు అమ్మ ఆ దారం లాగేసేది. దండెం మీద రెండూ సమానంగా వేలాడేవి. ఆరాక మళ్ళీ మడత, మళ్ళీ కుట్టు. లెక్కలావిడ చూస్తే ఒకే అమ్మాయికి రెండు గౌన్లు. “ఒక్క పిల్లకే ఇన్ని గౌన్లెందుకమ్మా” అని మాత్రం ఓసారి అందట. “గారాబం” అంది అమ్మ.

మడత ఎంత పెట్టాలో తెలియాలంటే నా కొలత తీయాలి. కొలత తీస్తే పుస్తకంలో రాయాలి. మామయ్య అలవాట్లలో ఇది మార్చలేనిది. పుస్తకంలో రాయకుండా ఆయన కత్తెర పట్టడు. నీలం అట్టల పొడుగాటి పుస్తకాలు, తేదీ, పేరు, కొలతలు, పక్కన ఆ గుడ్డలోంచి చిన్న ముక్క గుండుసూదితో గుచ్చి ఉండేది. తన పుస్తకంలో తప్పు లేదని ఆయనకి మహా గర్వం. పెళ్ళిచొక్కా బిగుతైందని ఎవరైనా దెబ్బలాటకొస్తే, మాట మాట్లాడకుండా పుస్తకం తెరిచి, మళ్ళీ టేపు పెట్టి, “చొక్కా అలాగే ఉంది బాబూ, నువ్వే పెరిగావు” అనేవాడు.

“దీని పేరు మాత్రం రాయొద్దు అన్నయ్యా” అని అమ్మ బతిమాలింది.

ఆయన రాయలేదు. అక్కని పగలు షాపులో కొలిచి రాసుకునేవాడు. మూడు నాలుగు రోజులాగి, మధ్యాహ్నం భోజనాల వేళ తలుపు దగ్గరికి వేసి నన్ను కొలిచేవాడు. “చిన్నకొలతా, నిటారుగా నిలబడు” అనేవాడు. నాకు ఎడమ భుజం కొంచెం దిగువ. నాన్నకీ అంతే, ఆయన చొక్కాలన్నీ ఎడమవైపు జారేవి. మామయ్య మా ఇద్దరికీ అక్కడ లోపల ఒక పొర ఎక్కువేసి సరిచేసేవాడు.

బడి లేదు నాకు. అక్క బడి నుంచి రాగానే తన పాఠమంతా నాకు ఒప్పజెప్పేది. దానికి చదువొచ్చింది నాకు చెప్పడం వల్లే అని నేనంటాను, అదొప్పుకోదు. కాజాలు, బొత్తాలు కుట్టడం మామయ్య నేర్పాడు. వీధిలో చాలామందికి నా సంగతి తెలుసు. తెలియనిదల్లా కాగితానికే.

నాకు పద్దెనిమిదో ఏడు నడుస్తుండగా చట్టం ఎత్తేశారు. జననాలు మరీ తగ్గిపోయాయట. పేరు లేని పిల్లలందర్నీ నమోదు చేస్తామని, తల్లిదండ్రుల మీద చర్య ఉండదని ప్రకటించారు. గడువు మూడు నెలలు. కాకపోతే ఒక మెలిక పెట్టారు. బిడ్డ ఈ ఇంట్లో పెరిగిందనడానికి, ఐదేళ్ళు నిండకముందు బయటివాళ్ళు రాసిన కాగితం ఏదో ఒకటి చూపించాలి. సాక్షుల మాట చెల్లదు, జనం ఒకరికొకరు సాక్షులవుతున్నారని. ఇప్పటి రక్తపరీక్షలు అప్పుడు లేవు. కాగితం లేకపోతే కార్డు ఇస్తారు గానీ, అందులో ‘తల్లిదండ్రులు తెలియరు’ అని రాస్తారు.

మాలాంటి పిల్లల్ని దాచినవాళ్ళు కాగితం ఎక్కడ ఉంచుతారు? కాగితం లేకుండా చూడ్డమే కదా అన్నేళ్ళు వాళ్ళు పడ్డ పాటు. ఈ మెలిక పెట్టిన పెద్దమనిషి ఎవరో గానీ, కటింగ్ బల్ల కింద ఒక్కరోజు కూర్చోబెట్టాలనిపించింది.

అమ్మ మొదటి పరుగు కిందికే తీసింది. మామయ్య తల దించుకున్నాడు. “దీని పేరు నా పుస్తకంలో లేదు చెల్లెమ్మా. ఉన్నదంతా తప్పుడు రాత. చూపించుకునేది కాదు.”

మూడు నెలలూ దాదాపు గడిచిపోయాయి. అమ్మ చివరికి ‘తల్లిదండ్రులు తెలియరు’ అనే ఆ రెండు మాటలకే ఒప్పుకుంది. కార్డు లేకపోతే నాకు ఉద్యోగం రాదు, పెళ్ళి నమోదు కాదు. “ఏదో ఒకటి రాయించేద్దాం. నువ్వు నా కూతురివని నాకు తెలీదా” అంది, నావైపు చూడకుండా. నాకు కార్డు వద్దనిపించింది. బతికున్న అమ్మానాన్నల్ని కాదనుకుని తెచ్చుకునే కార్డు నాకెందుకు?

గడువుకి ముందురోజు నేను షాపులో కాజాలు కుడుతున్నాను. అక్క నన్ను ఊరడించడానికొచ్చి, ఊరడించడం చేతగాక పాత పుస్తకాలు తిరగేస్తూ కూర్చుంది. చిన్నప్పటి పసుపు గౌను ముక్క కనబడింది. తర్వాతి పేజీలోనూ అదే ముక్క.

“మామయ్యా, నేనెప్పుడు పొట్టిదాన్నయ్యాను?” అంది.

“అంటే?”

“ఐదో తారీఖున నా గౌను పొడవు ఇరవై రెండు. తొమ్మిదో తారీఖున పంతొమ్మిది. నాలుగు రోజుల్లో మూడంగుళాలు తగ్గానా?” పేజీలు గబగబా తిప్పింది. “ఆర్నెల్లకి ఇరవై మూడున్నర అయ్యాను. మళ్ళీ మూడు రోజుల్లో ఇరవై అయ్యాను. నాకేం రోగం?”

మామయ్య మిషను ఆపాడు. “ఆ పొట్టి కొలతలన్నీ దీనివి. నీ పేరు కింద రాశాను” అన్నాడు, నన్ను చూపించి.

మర్నాడు పొద్దున్నే పుస్తకాలు మోసుకుని అమ్మ, నాన్న, అక్క, మామయ్య, నేను, ఐదుగురం నమోదు ఆఫీసులో ఉన్నాం. నమోదు అధికారి నలభై ఏళ్ళ మనిషి. మూడు నెలలుగా జనం చెప్పేవన్నీ విని విని విసిగిపోయి ఉన్నాడు. నాకు మూడేళ్ళప్పటి పుస్తకం తెరిచి రెండుసార్లు చూశాడు.

“ఇది దర్జీ పొరపాటు కావచ్చుగా?”

మామయ్య లేచి నిలబడ్డాడు. “ఒకసారి పొరపాటంటే ఒప్పుకుంటానండి. పదకొండేళ్ళు, ఏడాదికి రెండుసార్లు, ఒకే పిల్లని మూడంగుళాలు తక్కువ కొలవడానికి నాకు కళ్ళు లేవా? తప్పు కొలతలో లేదు. పేరులో ఉంది. అది తెలిసి రాశాను.” కాస్త ఆగి, ఉండబట్టలేక, “మీ చొక్కా కాలరు ఎవరు కుట్టారో గానీ, మీకు మెడ నొప్పి రావట్లేదా?” అన్నాడు.

అధికారి కాలరు సర్దుకున్నాడు. నవ్వలేదు గానీ, కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు. “సరే, ఇద్దరు పిల్లలని తేలింది. ఆ రెండో పిల్ల వీళ్ళ పిల్లే అని ఎక్కడుంది? పక్కింటి పిల్ల కావచ్చు.”

మామయ్య వేలు పెట్టి చూపించాడు. పొట్టి కొలత రాసిన ప్రతిచోటా కింద ఒక ముక్క ఉంది: ‘ఎడమ భుజం అరంగుళం దిగువ.’ పొడుగు కొలతల్లో ఎక్కడా లేదు. తర్వాత నాన్న పేజీలు తీశాడు. అక్కడా అదే ముక్క. మెడలోంచి టేపు తీసి, “అమ్మాయ్, నిటారుగా నిలబడు. బావగారూ, మీరూ” అన్నాడు.

ఆఫీసులో వరసలో ఉన్న జనమంతా చూస్తుండగా నాన్న, నేను పక్కపక్కన నిలబడ్డాం. మామయ్య మెడ దగ్గర్నుంచి, భుజాల దగ్గర్నుంచి టేపు పట్టి కొలిచి, అంకె తను చెప్పకుండా అధికారినే చదవమన్నాడు. ఆయన వంగి చదివాడు. ఇద్దరికీ అరంగుళమే.

అధికారి తిరిగి కూర్చుని నాన్నని అడిగాడు. “చట్టం ఎందుకు పెట్టారో మీకు తెలిసే కన్నారా?”

“తెలుసండి. ట్యాంకులో నీటిమట్టం రోజూ రాసేది నేనే. జనం పెరిగారు, నీళ్ళు పెరగలేదు. చట్టం పెట్టినవాళ్ళు పిచ్చివాళ్ళని నేననను.” నాన్న తక్కువ మాట్లాడే మనిషి. అంతటితో ఆగుతాడనుకున్నాను. “కానీ ఇది పుట్టాక, ఆ నీళ్ళలో ఏ బిందె దీనిది కాదో నాకు తెలియలేదండి.”

అమ్మ అందుకుంది. “నీళ్ళు చాలకపోతే చెరువులు తవ్వించాలి. ఆడపిల్లల్ని చదివించాలి, మందులివ్వాలి, మేమే ఆగుతాం. మా అమ్మకి ఏడుగురం, నాకు ముగ్గురు. నాకెవరు చెప్పారు మూడుకి ఆగమని? పిల్లల్ని లెక్కపెట్టడం తేలిక కాబట్టి అది చేశారు.”

“మీరన్నదీ నిజమేనమ్మా, ఆయనన్నదీ నిజమే. నా ఫారంలో రెండింటికీ గడి లేదు” అన్నాడు అధికారి. కలం తీసి, నా పేరడిగి, రాయడం మొదలుపెట్టాడు. రాసింది పైకి చదివాడు. నా పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, మూడో సంతానం.

“ఇంకోసారి చదవండి బాబూ” అంది అమ్మ. ఆయన విసుక్కోకుండా మళ్ళీ చదివాడు. ఆ మనిషికి కూడా నేను రుణపడి ఉన్నాను. మూడు నెలల విసుగులోనూ ఆయన అంకెలు చదవడం మానలేదు.

మామయ్యకి నేనేం చెప్పాలి? నన్ను దాచాడని తెలిస్తే ఆయన షాపుకీ తాళం పడేది. మాకు చుట్టం కాదు, పక్కం కాదు. ప్రాణంగా చూసుకునే పుస్తకంలో తన చేత్తో తను తప్పు రాసుకుని, అన్నేళ్ళూ దానికి సిగ్గుపడ్డాడు. అదంతా నాకోసం. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఆయన చెయ్యి విడిపించుకుని అధికారి వైపు తిరిగాడు. “పుస్తకంతో మీ పని అయిపోయిందాండీ? ఇప్పుడు దిద్దుకోవచ్చా?”

“నకలు తీసుకున్నాం. అది మీ పుస్తకం.”

మామయ్య ఆఫీసు బల్ల మీద కూర్చుని, పెన్సిలు చెక్కుకుని, మొదటి పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను పక్కన కూర్చుని తేదీలు చదివాను. పొట్టి కొలత ఉన్న ప్రతిచోటా అక్క పేరు కొట్టేసి, పైన నా పేరు రాశాడు. పేరెలా రాయాలని ఒక్కసారైనా అడగలేదు. పుట్టినప్పట్నుంచీ నన్ను చిన్నకొలత అన్నాడే తప్ప పేరుతో పిలవలేదు, ఆయనకి నా పేరు తెలుసనే నేననుకోలేదు. ఆ పొద్దుటి దాకా ఏ కాగితం మీదా లేని పేరు ఆయన చేతి మీదుగా ఇరవై రెండుసార్లు పడింది. అక్క ఆయన భుజం మీంచి చూస్తూ, “హమ్మయ్య, మళ్ళీ పొడుగయ్యాను” అంది.

చివరిది రాసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, మామయ్య పుస్తకం మూశాడు.

“ఇక ఇందులో తప్పుల్లేవమ్మా” అన్నాడు.