నాలుగు పీపాల ఇంటి సామాను

టబ్బుల్లో బకెట్లు, బకెట్లలో మగ్గులు, మగ్గుల్లో సబ్బులు. ఏది దేంట్లో పడుతుందో వరసగా రాస్తూ, ఒక కన్ను పొయ్యి మీద చేమదుంపల మీద ఉంచాను. ఆక్లండ్‌లో మా సరుకు సర్దేవాళ్ళకి ఈ కాగితం అందితేనే ఇలా సర్దుతారు. లేదంటే ఒక్కో బకెట్‌ని ఒక్కో అట్టపెట్టెలో పెట్టి, కంటైనర్ నిండిపోయిందని చేతులు దులుపుకుంటారు. మా ఆయన సితాని కావా వేళ్ళ రసం తాగడానికి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "నీకేంలే కలొలైనే, కూర్చుని కాగితాలు నింపడమేగా. నాకు చూడు, నడుం పడిపోయింది" అన్నాడు. ఆయన నడుం ఏ పనికి పడిపోయిందో ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు.

మా దీవుల రేవు పట్టణం నుకుఅలోఫాలో ఈ కొట్టు పెట్టిన కొత్తలో నాకూ ఏమీ తెలియదు. ఓడవాడు తేలిక సరుకుకి బరువు చూడడు, చోటు చూసి కిరాయి తీసుకుంటాడు. ఆ కిరాయిని సరుకు ధరలో కలిపి, మొత్తం మీద కస్టమ్స్ వాళ్ళు సుంకం వేస్తారు. అంటే బకెట్‌లో ఉన్న గాలికి కిరాయీ కట్టాం, సుంకమూ కట్టాం. మూడేళ్ళు అలాగే కట్టాం. ఒక వానాకాలం పాత బిల్లులు ముందేసుకుని కూర్చుంటే ఆ సంగతి నాకు అర్థమయింది. పరుపులు చుట్టించి పంపమన్నాను. సుంకాల పట్టికలో ప్రతి వస్తువుకీ దాని అసలు పేరు వెతికి పట్టుకున్నాను, ఎందుకంటే మా కస్టమ్స్ ఏజెంటు బద్ధకించి అన్నిటినీ "ఇతర వస్తువులు" అని రాసేవాడు, ఆ మాటకి సుంకం ఎక్కువ. సగం ఖాళీగా వచ్చే కంటైనర్‌ని బట్టల కొట్టు ఎమెలీతో పంచుకున్నాను. ఇవన్నీ వంట చేస్తూ, కొట్టు ఊడుస్తూ, మామగారికి కట్లు మారుస్తూ నేర్చుకున్నవి. కావా గిన్నె చుట్టూ చేరిన మగవాళ్ళతో సితాని "నేనైతే ఇట్లా తెప్పిస్తా" అని చెప్తుంటే కిటికీలోంచి వినేదాన్ని. ఆ "నేను"లో నేనూ ఎక్కడో ఉండే ఉంటాలే అనుకుని సరిపెట్టుకున్నాను.

దుంపలు దించుతుండగా ఫోన్ మోగింది. ఆక్లండ్ నుంచి మా ఆడపడుచు లెసీలి.

"నాలుగు పీపాలు పంపిస్తున్నా. మన కంటైనర్‌లో వేయించు. ఇంటి సామానని రాయి."

"ఏమున్నాయి వదినా అందులో?"

"ఏముంటాయి, బట్టలు, బూట్లు. అక్కడ శనివారం సంతలో అమ్మిస్తా. అడుగుతావేంటి, కొత్తగా?"

ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. మా దీవుల్లో ఆ సగం లెక్క కూడా కుదరదు, పూర్తిగా మొగుడి పైన మొగుడు. తమ్ముడి ఇంట్లో అక్కది ఫహు పీట. ఆమె చెయ్యి పెట్టిందల్లా ఆమెదే, వద్దనే నోరు ఎవరికీ లేదు. అందుకే సుంకం పడకుండా ఇంటి సామానని రాయమనడం లెసీలి వదిన దృష్టిలో అబద్ధం కాదు. అక్క సామాను తమ్ముడి ఇంటి సామాను కాక మరేమిటి? మా వాళ్ళు కస్టమ్స్ కాగితాల్లో చేసే తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి.

పోయిన ఏడాదీ ఇలాగే రాశాను. కస్టమ్స్ వాళ్ళు పీపాలు విప్పి చూశారు. కంటైనర్ మొత్తం తొమ్మిది రోజులు రేవులో ఆగిపోయింది. చర్చి పాటల బృందానికని ఎమెలీ తెప్పించిన తెల్లబట్ట పండగ దాటాక చేతికొచ్చింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నన్ను వాళ్ళ ఆఫీసులో బల్ల మీద కూర్చోబెట్టారు. "సంతకం నీదే కదమ్మా" అన్నారు. ఇంకొక్కసారి దొరికితే ఇక మీ ప్రతి కంటైనరూ విప్పి చూస్తాం అని చెప్పి పంపారు. అదే జరిగితే ఎమెలీ ఇక మాతో చోటు పంచుకోదు, నేను ఇన్నేళ్ళు కూడబెట్టిన తెలివీ ఎందుకూ పనికిరాదు. ఇంటికొచ్చి ఏడిస్తే సితాని ఒకటే అన్నాడు. "అక్కని కాదనడానికి నువ్వెవరు?"

ఆదివారం చర్చి నుంచి నేరుగా మా తమ్ముడు ఫెలెతి ఇంటికి వెళ్ళాను. అక్కడ ఫహుని నేను. చర్చికని నడుముకి కట్టుకున్న చాప విప్పకముందే నాకోసం మంచి చాప పరిచారు. మరదలు పిసిలా లూ పొట్లాలు తెచ్చి పెట్టింది. చేమాకుల్లో కొబ్బరిపాలు ఇంకిన ఆ వాసనకే సగం బాధ పోయింది. తింటూ లెసీలి వదిన సంగతంతా చెప్పుకున్నాను. ఫెలెతి నవ్వాడు. "అక్కల్తో పెట్టుకుంటే ఎట్లా అక్కా. నువ్వు నన్ను తక్కువ సతాయించావా?" నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నా కడుపు నిండాకే పిసిలా తింటుందని నాకు తెలుసు. అయినా ఇంకో పొట్లం అడిగాను.

నీళ్ళకని వంటింట్లోకి వెళ్తే, పిసిలా గబుక్కున పళ్ళెం కింద ఏదో దాచింది. మా దగ్గర ఆదివారం పని చేస్తే తప్పు. వంట మాత్రం పనిలోకి రాదు. "ఏంటది?" అన్నాను.

"ఏం లేదు వదినా. టైర్ల కంటైనర్ కాగితం. రేపు పొద్దున్నే ఇవ్వాలి."

పళ్ళెం జరిపి చూశాను. ఫెలెతి కొట్టుకి టైర్లు, ట్యూబులు, కొలతలతో సహా ఎంతో పొందిగ్గా రాసింది. నాలాగే. చివరి వరసలో, "ఇంటి సామాను, రెండు పీపాలు" అని ఉంది.

ఆ పీపాలు నావి. మా కంటైనర్‌లో చోటు చాలక, టైర్ల మధ్య ఎలాగూ ఖాళీయే కదా అని, పోయినసారిలాగే ఈసారీ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. కిరాయీ లేదు, సుంకమూ లేదు. నా పొదుపులన్నిటిలో గొప్ప పొదుపు అదేనని మురిసిపోయాను కూడా. నేను అడిగింది ఫెలెతిని. సంతకం పెట్టేది పిసిలా. ఆ సంగతి నాకు ఒక్కసారైనా గుర్తు రాలేదు.

"పోయినసారి ఏమైనా అన్నారా?"

పిసిలా గిన్నె తోముతూనే చెప్పింది. "వాటిల్లోనూ ఇలాగే నూట ఇరవై జతల రబ్బరు చెప్పులున్నాయి కదా వదినా. మీ ఇంట్లో ఎన్ని పాదాలమ్మా అని అడిగారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టి, ఈసారికి పొమ్మన్నారు."

"నాకు చెప్పలేదేం?"

"మీరు ఫహు కదా వదినా."

ఆ బల్ల నాకు తెలుసు. ఎడమ వైపు కోడు కుంటుతుంది, కాళ్ళు గట్టిగా నేలకి తన్నిపెట్టి కూర్చోవాలి. నేను కూర్చుని లేచిన ఆ బల్ల మీదే మా మరదల్ని కూర్చోబెట్టి, ఇవాళ ఆమె చేతి వంట తింటూ ఆడపడుచుల అన్యాయం గురించి చెప్పుకున్నాను. సిగ్గేసింది.

పెన్ను అడిగి తీసుకున్నాను. "ఇంటి సామాను" కొట్టేశాను. రబ్బరు చెప్పులు, నూట ఇరవై జతలు, అమ్మకానికి, యజమాని కలొలైనే అని రాసి, కిరాయిలో నా వంతు, సుంకం నేనే కడతానని కింద సంతకం చేశాను. పిసిలా తడి చేతులతో అలాగే నిలబడిపోయింది. "ఆదివారం వదినా" అంది మెల్లగా. "వంట పనే అనుకో" అన్నాను. ఆ రోజు వంటింట్లోనే ఆమె పక్కన కూర్చుని మిగిలిన పొట్లం చెరిసగం తిన్నాం. ఫెలెతి తొంగిచూసి, అక్కకి ఏమైందో అర్థంకాక వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున కొట్టు తెరిచి, మా కంటైనర్ కాగితం పూర్తి చేసి పంపేశాను. సితాని అది చదివి మొహం మాడ్చుకున్నాడు. "అక్కకి ఎవరు చెప్తారు?" అన్నాడు. అంతలోనే ఫోన్ మోగింది. ఆయన ఫోన్ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేనే తీశాను.

"ఏం కలొలైనే, నా పీపాలు ఇంటి సామానని రాశావా?"

"లేదు వదినా. యజమాని దగ్గర మీ పేరు రాశాను."