మీ కుక్కని మేం చూసుకుంటాం

పొద్దున్నే భార్య మందుల షాపుకీ కూతురు బడికీ వెళ్ళిపోయాక అతను ఇల్లు తుడిచేవాడు, గిన్నెలు తోమేవాడు, ఉతికిన బట్టలు పెరట్లో ఆరేసేవాడు. వీధివైపు తీగ ఖాళీగానే ఉండేది. కొట్టుకి వెళ్ళాల్సి వస్తే మిట్టమధ్యాహ్నం దాకా ఆగేవాడు. ఎండ నడినెత్తికొచ్చాక ఎవరి నీడైనా కాళ్ళ కిందికి ముడుచుకుంటుంది. అతనికి అసలు నీడే లేదన్న సంగతి ఆ వేళ అంతగా కనపడదు.

కనపడకపోయినా ఆ పేటలో తెలియనివాళ్ళు తక్కువ. అంతకుముందు అతను బడివ్యాను నడిపేవాడు. ఒకరోజు పిల్లల్ని దింపి, వ్యాను ఎండలో ఆపి, తలుపులు బిగించి, ఇంటికొచ్చి భోంచేసి నడుం వాల్చాడు. వెనక సీట్లో ఒక చిన్నపిల్ల నిద్రపోతూ ఉండిపోయింది. అటుగా వెళ్తున్న పాలమనిషి అద్దం మీద చిన్న చెయ్యి చూసి, రాయి పెట్టి పగలగొట్టి తీసింది. పిల్ల బతికింది. అతను చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చేసరికి తల్లి పిల్లని భుజాన వేసుకుని వెళ్ళిపోతోంది. అప్పుడే అతని నీడ కాళ్ళని వదిలి ఆ పిల్ల వెంట వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

అప్పట్నుంచి ఆ పిల్లకి రెండు నీడలు. ఒకటి తనంత, ఇంకొకటి మగమనిషంత. బళ్ళో టీచరు ఒక్కసారే అందట, "ఆ పెద్దదాన్ని గోడవారగా కూర్చోమనమ్మా, బోర్డు కనపడట్లేదు" అని.

అతని ఉద్యోగం ఎలాగూ పోయింది. తీసెయ్యకపోతే తనే మానేసేవాడు, ఆ స్టీరింగు మీద మళ్ళీ చెయ్యి వెయ్యడానికి మొహం చెల్లక.

కూతురికి పదకొండో ఏడు. చిట్టి అనేవాళ్ళు. వేసవి సెలవులిచ్చిన రోజు తండ్రి పక్కన చతికిలబడి, "నాన్నా, నేను అందరి కుక్కల్నీ వాకింగ్‌కి తీసుకెళ్తా. ఊరెళ్ళేవాళ్ళ పిల్లుల్నీ చిలకల్నీ చూసుకుంటా. నువ్వు నేర్పించాలి" అంది.

"కుక్కల గురించి నాకేం తెలుసమ్మా?"

"కుక్కల గురించి కాదు. ఇంటింటికీ వెళ్ళి తీసుకురావడం, మళ్ళీ ఎవరింట్లో వాళ్ళని దింపడం. అది నీకు తెలుసుగా!"

పిల్ల వెటకారానికి అనలేదు. అనుంటే బాగుండేది.

పెరట్లోనే నేర్పించాడు. దిండుకి తాడు కట్టి, రోడ్డు దాటేటప్పుడు ఎంత దగ్గరగా పట్టుకోవాలో చూపించాడు. కోపిష్టిదాన్ని గోడవైపు, నెమ్మదైనదాన్ని రోడ్డువైపు నడిపించమన్నాడు. దిండు కుదురుగా ఉంటోందని చిట్టి ఫిర్యాదు చేస్తే వాళ్ళమ్మ కొంగు నడుముకి దోపుకుని, తాడు చేత్తో పట్టుకుని, "నేను మొండి కుక్కని, ఏదీ కదిలించు చూద్దాం" అంది. చిట్టి లాగింది. అమ్మ కదల్లేదు. "ఇది కాపురానికొచ్చినప్పట్నుంచీ అంతే" అన్నాడు అతను. ఏడాది తర్వాత ఆ ఇంట్లో వినపడిన మొదటి నవ్వు అది. అది తనదేనని తెలిసి అతను గబుక్కున మూతి బిగించుకున్నాడు.

అట్టముక్క మీద చిట్టి రంగులతో రాసింది: "మీరు ఊరెళ్తున్నారా? మీ కుక్కని మేం చూసుకుంటాం."

"'మేం' తీసెయ్. 'నేను' అని రాయి" అన్నాడు అతను.

"నేనొక్కదాన్నే కాదుగా!"

"చెప్పిన మాట వినమ్మా."

వినలేదు. ఆ అట్టతోనే ఇంటింటికీ తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న, "ఎవరమ్మాయివి?" అని. చెప్పగానే మొహాలు మారేవి. ఒకావిడ పాపం మంచిగానే, "ఏమనుకోకమ్మా, నోరులేని జీవం, మీ ఇంటికెలా పంపుతాం?" అంది. చిట్టి ఇంటికొచ్చి, "ఎదురింట్లో కుక్కే లేదట నాన్నా" అని చెప్తూండగా ఎదురింటి కుక్క మొరుగుతూనే ఉంది. తండ్రీ కూతుళ్ళిద్దరూ అది వినపడనట్టే అన్నం తిన్నారు.

మర్నాడు మబ్బు పట్టింది. మబ్బు రోజు అతనికి కాస్త ధైర్యం. కూతురికి తెలియకుండా వెనకాలే వెళ్ళాడు. ఆ పేటకి కొత్తగా వచ్చిన రిటైరయిన నర్సు ఇంటి ప్రహరీ పక్కన ఆగాడు. లోపల నుంచి మాటలు వినపడుతున్నాయి.

"మీ నాన్నగారేం చేస్తారమ్మా?"

చిట్టి గొంతు, బళ్ళో పాఠం అప్పజెప్తున్నట్టు, "మా నాన్న ఈ ఊళ్ళో లేరండీ. చాలా దూరంలో ఉంటారు."

అతను ప్రహరీకి వీపు ఆనించి నిలబడిపోయాడు. పిల్లకి అబద్ధం నేర్పింది తనే, నోరు తెరవకుండా నేర్పాడు. కూతురికన్నా ముందే ఇంటికి చేరుకుని, ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నాడు. కళ్ళెందుకు ఎర్రబడ్డాయని ఎవరూ అడగరు.

"ఒక కుక్క దొరికింది నాన్నా!" అంటూ వచ్చింది చిట్టి. అతను తలెత్తకుండా, "మంచిది" అన్నాడు.

నర్సమ్మగారి కుక్క పేట చుట్టూ తిరిగి క్షేమంగా ఇల్లు చేరాక ఇంకొకళ్ళు పిలిచారు, వాళ్ళని చూసి ఇంకొకళ్ళు. కుక్కల్ని పెరటి దారినే తెచ్చేది చిట్టి. అతను వాటికి నీళ్ళు పెట్టేవాడు, దువ్వేవాడు, చెవుల్లో గోమార్లు ఏరేవాడు. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కదాని తలా తాకి చూసి పంపేవాడు. కుక్కలు అతన్ని ఏమీ అడిగేవి కావు.

ఒక సాయంత్రం చిట్టి ఒక చెవి మడతపడ్డ గోధుమరంగు కుక్కని తెచ్చింది. కొన్నాళ్ళు వాళ్ళింట్లోనే ఉంచాలంది. కుక్క అతని పాదాలు వాసన చూసింది. ఆపకుండా తోకూపింది. తర్వాత అతని వెనక్కి వెళ్ళి, నీడ ఉండాల్సిన చోట, ఖాళీ నేల మీద పొడుగ్గా పడుకుని హాయిగా కళ్ళు మూసుకుంది. దానికి బాగా అలవాటైన చోటులా ఉంది.

అతనికి అర్థమైంది. "ఎవరి కుక్క చిట్టీ ఇది?"

చిట్టి గొలుసు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "ఆ రెండు నీడల పాపవాళ్ళదే నాన్నా. అమ్మమ్మకి బాగాలేదట, ఊరెళ్తున్నారు. నేను... నేను నర్సమ్మగారి మనవరాలినని చెప్పా." అని ఏడుపు అందుకుంది. "నిజం చెప్తే ఇవ్వరుగా!"

అతనికి కోపం రాలేదు. కోపగించుకునే అర్హతేదీ? కుక్క గొలుసు చేతిలోకి తీసుకుని, "పద" అన్నాడు.

అప్పుడు ఎండ ఏటవాలుగా పడుతోంది. వీధిలో గేట్ల నీడలు, సైకిళ్ళ నీడలు, చిట్టి నీడ, కుక్క నీడ అన్నీ బారెడు సాగి ఉన్నాయి. అతని పక్కన మాత్రం ఉత్త రోడ్డు. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. అతను పాదాల వైపే చూస్తూ నడిచాడు.

తలుపు తీసిన తల్లి అతన్ని చూడగానే ద్వారబంధాన్ని పట్టుకుంది. వెనక సగం సర్దిన పెట్టె. దాని పక్కన ఆ పిల్ల, పిల్ల వెనక గోడ మీద రెండు నీడలు.

"ఈ అమ్మాయి నా కూతురండీ," అన్నాడు. "నర్సమ్మగారి మనవరాలు కాదు. నా వల్లే అబద్ధమాడింది. మీ కుక్కని తిరిగి తెచ్చాను. క్షమించమని అడగడానికి రాలేదు, ఆ మొహం నాకు లేదు."

ఆవిడ అతన్ని కాక గోడని చూస్తూ మాట్లాడింది.

"మొదట్లో చీపురుతో ఊడ్చేశాను దాన్ని. బకెట్లతో నీళ్ళు కుమ్మరించాను. పోలేదు. పాపకి జ్వరమొస్తే కిటికీకీ మంచానికీ మధ్య నిలబడి, పొద్దుగూకేదాకా మొహం మీద ఎండ పడనివ్వలేదు. బడినుంచి వస్తుంటే పాప తల మీదే ఉంటుంది, గొడుగులాగా. మిమ్మల్ని తిట్టుకోని రోజు లేదు. దాన్ని మాత్రం తిట్టలేకపోయాను."

"రమ్మంటే వస్తుందేమో చూడమంటారా? మీకు దాని బెడద..."

"వద్దు!" అంది పిల్ల. నేల మీదికి సాగిన పెద్ద నీడ చేతి మీద కాలు వేసి నిలబడి, "ఇది నాది" అంది.

అతను తల వంచుకుని, గొలుసు గడప మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"దాని సాయంత్రం వాకింగ్ అయిందా?" అని ఆవిడ అడిగింది.

"ఇంకా లేదండీ" అంది చిట్టి, ముక్కు తుడుచుకుంటూ.

"రోజూ పాప కూడా వెళ్తుంది దానితో." ఆవిడ గోడ మీది నీడని ఇంకోసారి చూసింది. "తీసుకెళ్ళండి. వీధి చివరిదాకా. నేను గేటు దగ్గర ఉంటాను."

"మా అమ్మాయి తీసుకెళ్తుందండీ. నేనొద్దు."

"మీరే" అంది ఆవిడ.

వెళ్ళారు. ముందు కుక్క, దాని గొలుసు పట్టుకుని చిట్టి, చిట్టి వేలు పట్టుకుని ఆ పిల్ల, పిల్ల మీద వాలి అతని నీడ. వెనక అతను. దారి పొడుగునా మనుషులు లేచి నిలబడి చూస్తున్నారు. చెవులు కాలిపోతున్నాయి, ఒళ్ళంతా కుంచించుకుపోతోంది. ఎప్పటిలా తల దించుకోబోయాడు. కానీ తల దించుకుంటే పిల్ల కనపడదు. అందుకని ఆ వీధంతా తలెత్తుకునే నడవాల్సి వచ్చింది.

తిరిగొచ్చేసరికి ఆవిడ గేటు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. పిల్లని ఎత్తుకుంది, నుదురు తడిమింది, మెడ తడిమింది. తర్వాత చిట్టి చేతిలోంచి గొలుసు తీసుకుని అతని చేతికిచ్చింది.

"ఉరుములంటే దీనికి భయం. మంచం కిందికి దూరిపోతుంది. అప్పుడు లాగకండి. కాసేపు వదిలేస్తే అదే వస్తుంది."

"అలాగేనమ్మా" అన్నాడు అతను.