గట్టుకు అవతలి కంకి

మా చిన్న తోడికోడలు లాన్‌ఫెన్ చేను ముందు ఆగితే మా అత్తగారికి నోరు ఆగదు. "చూడవే పెద్దదానా, దువ్వెనతో దువ్వినట్టుంది" అంటుంది. దాన్ని ఆనుకునే నా చేను. నాదీ దువ్వినట్టే ఉంటుంది. ఆవిడ కంటికి ఆనదు. తామరగింజల పాయసం కాచినా మొదటి గిన్నె లాన్‌ఫెన్‌కే. నాకు కడుపుమంటగా ఉండదా?

చైనాలో మా జియాన్‌నింగ్ కొండల్లో అందరం విత్తనపు వరే వేస్తాం. తిండి వరి ఎలా ఉన్నా ఎవరో ఒకరు కొంటారు. విత్తనానికి అలా కుదరదు. ఇన్‌స్పెక్టరు చేలో దిగి సాలుసాలూ చూస్తాడు. వేరే రకం కలిసిన కల్తీ మొక్కలు కనబడ్డాయా, చేను ఫెయిలు. ఆ పంట కోళ్ళ మేతకే. పోయినేడు లాన్‌ఫెన్ చేను పాసయింది, నాది పోయింది. ఈసారీ పోతే విత్తన సంఘంలోంచి నన్ను తీసేస్తారు.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు వస్తాడనగా, పొద్దున్నే గట్టు మీద నడుస్తూ లాన్‌ఫెన్ చేలోకి చూశాను. వరస మధ్యలో ఒక పొడుగాటి కంకి, మిగతావాటికంటే జానెడు పైకి, తలెగరేసి నిలబడింది. కల్తీ మొక్కే. నా ప్రాణం లేచొచ్చింది. ఇవాళ అత్తగారి దువ్వెన విరుగుతుందని మురిసిపోయాను.

ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాక గుర్తొచ్చింది, గాలి. మధ్యాహ్నానికి పూత విచ్చుకుంటుంది. గాలి ఎప్పుడూ లాన్‌ఫెన్ చేలోంచి నా చేలోకే వీస్తుంది. గట్టు దగ్గర ఆగిపోవడానికి పుప్పొడికేం మొహమాటం? అది నా చేలో పడితే నా గింజలూ కల్తీయే. తర్వాత మొలకెత్తించి చూసే పరీక్షలో దొరికిపోతాను.

అంటే దానికి మేలు చేస్తే తప్ప నాకు దిక్కులేదన్నమాట. తిట్టుకుంటూ వెళ్ళి, చేలో దిగి, ఆ మొక్కను వేళ్ళతో సహా పీకాను. తలెత్తితే గట్టు మీద అత్తగారు.

"దాని చేలో నీకేం పనే?" అంది. "కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది చాలక, ఇప్పుడు చేతులు కూడా పెట్టావా?"

నేను నోరు తెరిచేలోపే, పుప్పొడి దులిపే వెదురు గడ భుజాన వేసుకుని లాన్‌ఫెన్ వచ్చింది. నా చేతిలో మొక్క చూసింది.

"అయ్యో అత్తయ్యా, అది కల్తీ మొక్క. అక్క నా కోసం పీకింది."

అత్తగారు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ క్షణం నాకెంత హాయిగా ఉందో. ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు.

"నేను చూడబట్టి సరిపోయింది. లేకపోతే నీ చేను ఇవాళ కోళ్ళ పాలే" అన్నాను.

"నిజమే అక్కా" అంది లాన్‌ఫెన్ నవ్వుతూ. "నీ చేలో కూడా మూడు కనబడితే నిన్ననే పీకేశాను. చెప్తే నొచ్చుకుంటావని చెప్పలేదు."

సాయంత్రం రెండు చేలూ పాసయ్యాయి. రాత్రి అత్తగారు పాయసం కాచి, మొదటి గిన్నె నాకే ఇచ్చింది. తియ్యగానే ఉంది, తింటూ లెక్క వేసుకున్నాను. నేను పీకింది ఒకటి, అది పీకింది మూడు. అదీ, నాకంటే ఒకరోజు ముందు.